పాత జీపులో నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయి?

కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామున మా జీపు స్టార్ట్ అయ్యేది కాదు. సెల్ఫ్ మోటారు బద్ధకంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. పది గంటలకు ఎండెక్కాక అదే జీపు ఒక్క తిప్పుకే అందుకునేది. అమలాపురం దగ్గర మా ఊళ్ళో రెండు శీతాకాలాలు ఇదే తంతు. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. ఇంకొకాయన కాయిల్ మార్చాడు. మూడో ఆయన కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగానే ఉండి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి తప్పు రెండు చోట్ల దొరికింది. ఇంజను నుంచి ఛాసీకి, అంటే బండినంతా మోసే ఇనుప చట్రానికి, వెళ్ళే ఎర్త్ పట్టీ కొస తుప్పు పట్టి ఉంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల రాత్రి కురిసిన మంచు చెమ్మగా పేరుకుంటోంది. ఆ రెండూ సరిచేయడానికి ఒక గరుకు కాగితం, ఒక కొత్త పట్టీ సరిపోయాయి.

అప్పటినుంచి ఆ జీపు పనులు ఇంటి దగ్గరే చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో నాకు రూఢి అయిన విషయం ఒకటుంది. గోదావరి డెల్టాలో పాత జీపుకొచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం నీరే. బ్రేకు అందకపోవడం, లైట్లు మినుకుమినుకుమనడం, ముందు చక్రం దగ్గర కరకర, ఛాసీకి చిల్లులు, పెట్రోలు ఆగి ఆగి రావడం, ఇవన్నీ చూడ్డానికి దేనికది వేరు. ఒక్కోదానికి ఒక్కో మెకానిక్ దగ్గరకు పరిగెడతాం. కానీ నీరు ఎటునుంచి వస్తోంది, ఎక్కడ నిలబడుతోంది, ఎటు పోవాలి అని అడుగుతూ వెళితే ఇవన్నీ ఒకే తాడు మీద ముళ్ళని తెలుస్తుంది. ఆ ముళ్ళు ఒక్కొక్కటే విప్పుదాం.

ముందు బండి గురించి రెండు మాటలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 దాకా చేసిన బండే మన జీపులకు తాత. 1947లో మన దేశంలో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మహీంద్రా మొదలుపెట్టింది. 1953లో విల్లీస్ తెచ్చిన సీజే-3బి, అదే బానెట్ ఎత్తుగా ఉండే జీపు, మన దగ్గర దశాబ్దాల పాటు తయారైంది. దాంట్లో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. 1980లలో ఎంఎం-540 వచ్చింది, 2,112 సీసీ ప్యుజో డీజిల్ ఇంజనుతో. 1985లో మొదలైన మారుతీ జిప్సీ 2018 దాకా నడిచింది. మాది తాతగారు ప్రభుత్వ వేలంలో కొన్న సీజే-3బి. కొబ్బరికాయలు మోసింది, ధాన్యం బస్తాలు మోసింది, తర్వాత పదిహేనేళ్ళు రొయ్యల చెరువుల మీదే బతికింది. అసలు దెబ్బ తిన్నది ఆ చెరువుల దగ్గరే.

ఉప్పు జాడీ సంగతి

ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో రాళ్ళుప్పు జాడీ ఎలా ఉంటుందో గుర్తుందా? మూత పెట్టి ఉన్నా ఉప్పు చెమరుస్తుంది, అడుగున నీళ్ళు చేరతాయి. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో దాంతోపాటు కొంత మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. దానికి 33 శాతం తేమే చాలు. మన దగ్గర గాలి అంత పొడిగా ఉండేది వడగాడ్పులు వీచే ఏ కొద్ది మధ్యాహ్నాలో. కాబట్టి అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగొచ్చిన జీపు ఛాసీ మీద పడిన ఉప్పు పొర వాన చుక్క లేకపోయినా తడిగానే ఉంటుంది. ‘నేను వానలో తిప్పను, నా బండికి తుప్పెందుకు పడుతుంది’ అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

ఇనుము, గాలి, నీరు కలిస్తే తుప్పు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఉప్పు చేరితే ఏం మారుతుంది? తుప్పు పట్టే చోట ఇనుము మీద చిన్న చిన్న బ్యాటరీలు పుడతాయి. ఒక చోట ఇనుము కరుగుతుంది, అక్కడినుంచి కరెంటు ఇనుము గుండా ప్రవహించి పక్క చోట గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఆ వలయం పూర్తి కావడానికి పైన ఉన్న నీటిపొర కూడా కరెంటును మొయ్యాలి. వాననీరు ఆ పని అంత బాగా చెయ్యలేదు. ఉప్పునీరు బ్రహ్మాండంగా చేస్తుంది. పైగా ఇనుము మీద కాస్త రక్షణగా ఏర్పడే పల్చటి పొరను క్లోరైడ్ చీల్చుకుంటూ పోతుంది. అందుకే సముద్రపు పక్క తుప్పు పొరలా పరుచుకోవడంతో ఆగదు, గుంటలు తవ్వుతుంది.

తుప్పుకు ఇంకో గుణముంది. అది తిన్న ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. బండి కుదుపులు కాచే కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) మధ్య తుప్పు చేరితే కట్టలు ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకుంటాయి, జారాల్సిన చోట పట్టేస్తాయి. సవారీ గట్టిగా ఉందని షాకులు మార్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. కట్టలు విప్పి, గోకి, గ్రాఫైట్ గ్రీజు రాసి ఉంటే సరిపోయేది.

జీపులో ఈ తడి నిలబడే చోట్లు ఎప్పుడూ అవే. తొట్టి, అంటే జీపు బాడీ, ఛాసీ మీద కూర్చునే రబ్బరు ముక్కల కింద. ముందు సీట్ల కింద నేలరేకుకు అడుగున అతికించిన పట్టీలలో. యుద్ధకాలపు విల్లీస్‌లో ఆ పట్టీల లోపల చెక్క ముక్కలు కూడా పెట్టేవారు. చెక్క నానితే చుట్టూ ఉన్న రేకు లోపలినుంచి కుళ్ళుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఛాసీలో పెట్టెలా మూసి ఉన్న భాగం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఛాసీ లోపలి తుప్పు అచ్చం అలాంటిదే. బయట రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల ఇనుము కాగితంలా పల్చబడి ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. చిన్న సుత్తితో ఛాసీ పొడవునా జానెడుకొక దెబ్బ కొడుతూ వెళ్ళండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం చచ్చిపోతుంది, పుచ్చిన కొబ్బరికాయ మీద కొట్టినట్టు. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. కమాన్ కట్టలు ఛాసీకి తగిలే కొసలు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, వెనక అడ్డుపట్టీ, ఈ మూడూ తప్పకుండా చూడాలి. స్టీరింగ్ బాక్సు దగ్గర ఛాసీ పల్చబడితే ఆ బండిని వెల్డింగు అయ్యేదాకా రోడ్డెక్కించకూడదు.

డెల్టాకే ప్రత్యేకమైన ఇంకో శత్రువు ఒండ్రు మట్టి. లంకల్లో తిరిగితే, వరదనీళ్ళలో దిగితే, మెత్తటి ఒండ్రు ఛాసీ లోపలికి చేరి గడ్డ కడుతుంది. అది స్పాంజిలా నెలల తరబడి తడి పట్టి ఉంచుతుంది. నీళ్ళు కారడానికి ఛాసీ అడుగున కంపెనీ పెట్టిన రంధ్రాలను ముందుగా మూసేది కూడా అదే. ఇనుప తీగతో ఆ రంధ్రాలు తెరిచి, ముందు వైపు నుంచి నీటి గొట్టం పెట్టి, వెనక తేటనీళ్ళు వచ్చేదాకా కడగాలి. మంచినీళ్ళతోనే కడగాలి. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో బోరునీళ్ళు చప్పగా లేకపోతే వాటితో కడిగినా ఒకటే, కడగకపోయినా ఒకటే.

ఎక్కడ నిలబెడుతున్నాం అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మొదట్లో నేను వానాకాలమంతా జీపు మీద టార్పాలిన్ బిగించి కట్టి ఉంచాను. దసరాకు విప్పితే అప్పటిదాకా బాగున్న బానెట్ లోపలి రేకు ఎర్రబారి ఉంది. మన నేలలో నీళ్ళు చాలా పైనే ఉంటాయి. పగలు ఎండకు ఆ తడి ఆవిరై పైకి వస్తుంది, టార్పాలిన్ కింద చిక్కుకుంటుంది, రాత్రి చల్లబడి రేకుల మీద చెమ్మగా దిగుతుంది. అంటే కప్పి ఉంచిన జీపు రోజూ కింది నుంచి తడుస్తూనే ఉంది. ఇప్పుడు ఇటుకల అరుగు మీద, అడుగున పాలిథీన్ పరిచి కాంక్రీటు వేసి, నాలుగు వైపులా గాలాడే తాటాకు పాకలో పెడుతున్నాను. గోడలున్న షెడ్డు కన్నా గోడల్లేని పాక మేలని నా నమ్మకం.

తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొట్టించడం మన దగ్గర మామూలు. పైన పటారం, లోన లొటారం. లప్పం కింద తుప్పు ఇంకా హాయిగా పెరుగుతుంది. కుళ్ళిన రేకు కోసి, అదే మందం రేకు వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. సీజే-3బి వంటి జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, దాన్ని దించి దూరంగా పెట్టాలి. పైపై తుప్పయితే వైరు బ్రష్‌తో గోకి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన తుప్పు మందు రాసి, ఆరాక జింకు ప్రైమర్, దానిపైన రంగు. మూసి ఉన్న భాగాల లోపలికి పిచికారీ చేసే మైనం దొరుకుతుంది. చాలామంది వాడేసిన ఇంజనాయిల్ ఛాసీకి పూస్తారు. నేను ఒప్పుకోను. దాంట్లో ఇంజనులో పుట్టిన ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, మొదటి వానకే సగం కారిపోయి పంట కాలవలో కలుస్తుంది. ఆ కాలవ నీళ్ళే కదా మనం తాగేది.

తిరిగొచ్చే దారి

మొదట చెప్పిన స్టార్టింగ్ కథకు వద్దాం. కరెంటు బ్యాటరీ నుంచి తీగలో వెళ్ళి పని చేసి ఛాసీ ద్వారా బ్యాటరీకి తిరిగొస్తుంది. మనం వెళ్ళే దారినే చూస్తాం, తిరిగొచ్చే దారిని మర్చిపోతాం. జీపులో ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి ఇంజనుకూ ఛాసీకీ మధ్య ఒక రాగి పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ కొసకు చిలుము పట్టినా, ఛాసీ మీద బోల్టు కింద తుప్పున్నా, దారి ఇరుకవుతుంది.

ఎంత ఇరుకైతే ఎంత నష్టం? సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఆ బోల్టు దగ్గర అడ్డు ఓంలో నూరోవంతు, అంటే 0.01 ఓం మాత్రమే. 150ని 0.01తో గుణిస్తే 1.5 వోల్టులు. 12 వోల్టుల బండిలో అంత అక్కడే ఆవిరైపోతే మోటారు బద్ధకిస్తుంది, కాయిల్‌కు వోల్టేజి చాలక ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పల్చబడుతుంది. బాగా పాత జీపుల్లో 6 వోల్టుల వ్యవస్థే ఉండేది, వాటికి ఈ నష్టం ప్రాణాంతకం. ఒక్కోసారి పట్టీ పూర్తిగా తెగితే కరెంటు చోక్ కేబులు గుండా, యాక్సిలరేటర్ కేబులు గుండా తిరిగొస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు చోక్ కేబులు వేడెక్కుతోందంటే కారణం అదే, కేబులు మార్చి లాభం లేదు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, రెండోది ఇంజను మీద శుభ్రంగా గోకిన చోట ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే దారి బాగుంది. అర వోల్టు దాటితే ఎక్కడో తుప్పు ఉంది. ముల్లును ఇంజను నుంచి పట్టీకి, పట్టీ నుంచి ఛాసీకి, ఛాసీ నుంచి బ్యాటరీ తీగకు జరుపుకుంటూ వస్తే తప్పు ఏ బోల్టు దగ్గరుందో అదే చెబుతుంది. ఆ చోట ఇనుము తెల్లగా మెరిసేదాకా గోకి, బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. ముందే పూసి బిగించకండి.

మినుకుమనే లైట్లకు, తప్పు చూపించే పెట్రోలు ముల్లుకు కూడా ఇదే వైద్యం. నేనైతే ఛాసీ మీద నమ్మకం వదిలేసి, హెడ్‌లైట్ల నుంచీ వెనక లైట్ల నుంచీ బ్యాటరీదాకా విడిగా ఎర్త్ తీగలు లాగేశాను.

డిస్ట్రిబ్యూటర్ సంగతి క్లుప్తంగా. మూత లోపల చెమ్మ చేరితే నిప్పురవ్వ ప్లగ్గుకు వెళ్ళకుండా ఆ చెమ్మ మీదుగా పాకి పోతుంది. కొన్నాళ్ళకు అక్కడ పెన్సిలు గీతలాంటి నల్లటి చార పడుతుంది. చార పడిన మూతను తుడిచి లాభం లేదు, మార్చాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోయే పాయింట్ల మధ్య సందు 0.5 మిల్లీమీటరు, ప్లగ్గు సందు 0.75 మిల్లీమీటరు ఉండేలా ఫీలర్ గేజ్‌తో చూసుకుంటే సీజే-3బి ఇంజను మంచు కురిసిన పొద్దున కూడా పలుకుతుంది. ప్లగ్గు తీగలు మార్చేటప్పుడు సిలిండర్ల వరస 1-3-4-2.

బ్రేకు

ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవండి. పాత జీపు బ్రేకుకు ఒకే వలయం. నాలుగు చక్రాలకూ, పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే గది. ఎక్కడ ఒక్క గొట్టం చిల్లు పడినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది.

మనం వాడే డాట్-3 బ్రేక్ ఆయిల్ నిజానికి నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. దానికి గాలిలో తేమను పీల్చుకునే గుణముంది. మూత ఊపిరి రంధ్రం నుంచీ, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా పీలుస్తుంది. కొత్త డాట్-3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బ్రిడ్జి దిగేటప్పుడో, బరువుతో ఏటిగట్టు దిగేటప్పుడో బ్రేకులు వేడెక్కితే ద్రవం మరిగి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు.

కోనసీమలో అంత వేగంగా ఎవరు నడుపుతారు, అది ఘాట్ రోడ్డు సమస్య కదా అనొచ్చు. మనకు ఎక్కువ నష్టం చేసేది రెండో పని. ఆ నీరు సిలిండర్ల లోపల నునుపైన గోడను గుంటలు పడేలా తింటుంది. ఆ గుంటలు రబ్బరు కప్పు అంచును కోస్తాయి. కొత్త కప్పులు వేసిన రెండు నెలలకే మళ్ళీ కారుతోందంటే కప్పుల నాణ్యతను తిట్టుకుంటాం, తప్పు సిలిండర్ గోడది. వేలు పెట్టి తడిమి చూడండి, గరుకు తగిలితే సిలిండర్ మార్చాల్సిందే. సాధారణంగా రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమంటారు. మన తేమకు ఏడాదికోసారి మార్చడం నా లెక్క. సీసా మూత తీసి నెలలు గడిచిన ఆయిల్ పొయ్యకూడదు, అది సీసాలోనే నీళ్ళు తాగి ఉంటుంది. డాట్-5 అనే సిలికాన్ రకాన్ని దీంతో కలపకూడదు.

ఈ జీపుల్లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, నేలరేకు అడుగున ఉంటుంది. ఆయిల్ పొయ్యాలంటే నేల మీద మూత తీయాలి. చుట్టూ ఒండ్రు ఉంటుంది. ముందు గాలి కొట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆరాకే మూత తీయండి. ఒక చిటికెడు ఇసుక చాలు కప్పులు పాడవడానికి.

హ్యాండ్‌బ్రేకు గురించి తెలియక జనం దెబ్బలు తింటున్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. విల్లీస్ రకం జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకూ శక్తి పంచే పెట్టె) వెనక, వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఒక వెనక చక్రం జాకీతో లేపారనుకోండి, షాఫ్టు ఆగి ఉన్నా ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ గేర్ల వల్ల గాలిలో ఉన్న చక్రం ఒక వైపు, నేల మీద ఉన్న చక్రం ఇంకో వైపు తిరగగలవు. అంటే హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నా జీపు దొర్లుతుంది. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్ళో కొయ్య ముక్కలో పెట్టకుండా జాకీ ముట్టుకోవద్దు. మన ఒండ్రు నేలలో జాకీ దిగబడుతుంది, కింద మందపాటి పలక వెయ్యాలి. కేవలం జాకీ మీద నిలబడిన బండి కింద దూరొద్దు, ఇనుప స్టాండ్లు పెట్టాకే దూరండి.

వేడి ఇరుసు, చల్లటి నీళ్ళు

నీళ్ళలోంచి బండి నడిపితే ఇరుసు లోపలికి నీరు ఎలా వెళుతుంది? సీళ్ళున్నాయి కదా? చాలాకాలం నాకూ అర్థం కాలేదు. పది కిలోమీటర్లు నడిచొచ్చిన జీపు ఇరుసు, లోపలి నూనె, గాలి అన్నీ వేడిగా ఉంటాయి. ఏటి పాయలో దిగగానే ఇరుసు ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది. అప్పుడు బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి లాక్కోవాలి. గాలి లాక్కోవడానికి ఇరుసు మీద బ్రీదర్ అనే చిన్న ఊపిరి గొట్టం ఉంటుంది. అది ఒండ్రుతో మూసుకుపోయి ఉంటే సీళ్ళ అంచుల నుంచి నీళ్ళను పీలుస్తుంది. అంటే సీళ్ళు మంచివైనా బ్రీదర్ మూసుకుంటే చాలు.

అందుకే ఇరుసు చల్లబడేదాకా గట్టు మీద పది నిమిషాలు ఆగి దిగడం మంచిది. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని బానెట్ ఎత్తుకు తెచ్చి కట్టుకుంటే ఇంకా మంచిది. ఇది అరగంట పని, డెల్టాలో పాత జీపుకు నేను మొదట చేయించే మార్పు.

నీరు చేరిందో లేదో తెలుసుకోవాలంటే బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టును నెమ్మదిగా వదులు చెయ్యండి. నీరు నూనెకన్నా బరువు కాబట్టి ఉంటే ముందు నీళ్ళ చుక్కలే వస్తాయి. నూనె పాలు కలిసిన కాఫీలా ఉంటే బాగా చిలికిపోయిందని అర్థం, మొత్తం తీసెయ్యాలి. గేర్‌బాక్సులో పొయ్యాల్సింది 90 నంబరు, జీఎల్-4 రకం. జీఎల్-5 నూనెల్లో కొన్నిటిలోని గంధకం మందు పాత గేర్‌బాక్సులోని ఇత్తడి భాగాలను తింటుంది.

ముందు ఇరుసు కొసల్లో బంతుల్లాంటి గుండ్రటి కప్పుల లోపల జాయింట్లుంటాయి. వాటి చుట్టూ ఉండే ఫెల్టు పట్టీ అరిగితే మట్టినీళ్ళు నేరుగా జాయింటులోకి పోతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కటకటమంటే అనుమానించాల్సింది ఆ జాయింటునే. నీళ్ళలో తిరిగొచ్చిన ప్రతిసారీ గ్రీజు నిపుళ్ళలో పాత గ్రీజు బయటకు వచ్చి కొత్తది కనిపించేదాకా గ్రీజు కొట్టాలి. ఇక్కడ గ్రీజు పని నీళ్ళను బయటకు నెట్టడం కూడా.

పెట్రోలులో నీళ్ళు

పెట్రోలులో ఇథనాల్ అనే ఆల్కహాలు కలపడం దేశమంతా 2022లో సగటున 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఈ జీపులు చేసిన రోజుల్లో ఈ ఇంధనాన్ని ఎవరూ ఊహించలేదు. ఇథనాల్ కూడా తేమ పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజనుకు పెట్రోలు లాగే గొట్టం మూతి ఉండేదీ అక్కడే. బండి రోజూ తిరుగుతుంటే ఈ బాధ తక్కువ. దాళ్వా కోతల తర్వాత నిలబెట్టి సార్వాకు తీసే బండికే వస్తుంది. రెండు నెలలకు మించి నిలబెట్టేటట్లయితే ట్యాంకు, కార్బురేటర్ గిన్నె ఖాళీ చెయ్యడం మేలు.

పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి పగుళ్ళిస్తాయి. ట్యాంకు సీటు కిందే ఉన్న బండిలో ఇది చిన్న విషయం కాదు. విటాన్ రకం రబ్బరు గొట్టాలు అడిగి వేయించండి. ఇంజను పక్కనుండే పెట్రోలు పంపులో రబ్బరు పొర చిరిగితే పెట్రోలు ఇంజనాయిల్‌లోకి కారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ, పెట్రోలు వాసన కొడుతుంటే బండి వెంటనే ఆపాలి. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

రేడియేటర్‌లో బోరునీళ్ళు పొయ్యకండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్, అంతే.

బండి వరదలో మునిగితే

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. లంకల్లో ఇళ్ళ ముందున్న బండ్లు మునిగాయి. నీళ్ళు తీశాక చాలామంది మొదట చేసిన పని స్టార్ట్ చేసి చూడటం. అదే ఇంజనును చంపేది. సిలిండరులో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పండి. ప్లగ్గులు తీసి ఇంజనును చేత్తో తిప్పి నీళ్ళు బయటకు పోనివ్వండి. ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసులు, అన్నిటి నూనెలూ మార్చండి. చక్రాల బేరింగులు విప్పి కడగండి. ఒక వారం ఆలస్యమైనా పరవాలేదు, డైనమో, సెల్ఫ్ మోటారు విప్పి ఆరబెట్టించాకే బిగించండి.

ఇంట్లో ఏది, బయట ఏది

కడగడం, గ్రీజు, నూనెలు, ఎర్త్, పాయింట్లు, బ్రీదర్, గొట్టాలు, కట్టల గోకుడు, బ్రేక్ ఆయిల్ మార్పు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఛాసీ వెల్డింగు, స్టీరింగ్ బాక్సు, గేర్‌బాక్సు విప్పడం చెయ్యి తిరిగిన మేస్త్రికే వదలాలి. భాగాలకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. పాత భాగం చేత్తో పట్టుకెళ్ళి పక్కన పెట్టి పోల్చి కొనండి, ఒకే పేరుతో మూడు కొలతలు దొరుకుతాయి.

మొదలుపెట్టే వరస కూడా ముఖ్యం. చాలామంది రంగుతో మొదలుపెడతారు. నా వరస ఇది: ముందు బ్రేకు, తర్వాత స్టీరింగ్, తర్వాత ఛాసీ, ఆపైన కరెంటు, పెట్రోలు, చివర్న రంగు. ఆగని బండి అందంగా ఉండి ఏం లాభం?

కాగితాల సంగతి ఒకటి. 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ రిపేరుకూ మాత్రమే. చేలకూ చెరువులకూ తిరిగే జీపుకు అది పనికిరాదు. దానికి 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇంజను మార్చాలనుకుంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోండి.

ఏడాదిలో ఛాసీకి సరైన సమయం రోహిణి కార్తె. గాలి కాస్త పొడిగా ఉంటుంది, ఇనుము పొద్దున తొమ్మిదికే కాలుతుంటుంది, కడిగింది సాయంత్రానికి ఎముకలా ఆరుతుంది. నేను ఆ రోజుల్లోనే ఛాసీ లోపల కడిగి, రెండు రోజులు ఎండనిచ్చి మైనం పిచికారీ చేస్తాను. మొదటి ఏడాది గొట్టం పెడితే వెనక రంధ్రం నుంచి రెండు బక్కెట్ల ఒండ్రు వచ్చింది, దాంట్లో తుప్పు పొలుసులు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. తేటనీళ్ళు రావడానికి గంటన్నర పట్టింది. మొన్న రోహిణిలో పది నిమిషాలకే తేటనీళ్ళు వచ్చాయి, సుత్తితో కొడితే ముందు బంపర్ నుంచి వెనక అడ్డుపట్టీ దాకా ఛాసీ ఒకే స్వరంలో ఖంగుమంది.